సూతకపు ముడి

శిలాకూట నగరంలో ఆ ఉదయం నగారా మోగేసరికి ఓబళుడు కోట ముందరి మైదానంలో, జనం మధ్య నలిగిపోతూ నిలబడి ఉన్నాడు. అతని తాత గురవప్ప పోయి అది పదో రోజు. తలకు పాగా లేదు. పంచెకు ముడి కూడా లేదు, ఊరికే దోపుకున్నాడు. తాళ్ళు పేనే మోకువారి పల్లెల్లో ఇంటిపెద్ద పోతే పది రోజులు ఎవరూ ఏ ముడీ వెయ్యరు. గొడ్లను సైతం కట్టరు, ఆడవాళ్ళు జుట్టు ముడవరు. ఆ పది రోజుల్లో ముడి వేస్తే పోయినవాడి ప్రాణం దారి తప్పి ఆ ముడిలో చిక్కుకుంటుందని వాళ్ళ నమ్మకం.

శిలాకూటం మూడు కొండలను తొలిచి కట్టిన నగరం. నల్లరాతి ప్రాకారాలు, వాటి మీద నెమలికంఠం రంగులో మెరిసే గాజుపెంకుల బురుజులు, ప్రతి బురుజు మీదా నోరు తెరిచిన రాతి యాళి. గాలి వీచినప్పుడు ఆ యాళుల నోళ్ళన్నీ శంఖాల్లా పలుకుతాయి. ఆ ఉదయం మాత్రం ఆకు కదలలేదు. వేలాది మంది ఉన్న మైదానంలో ఎవరో దగ్గితే కోట గోడ దాకా వినిపించింది.

చాటింపు వేసే వేత్రహస్తుడు మేడ మీదికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ముడి పోగులు నలభై వేల రెండు వందల ఆరు! విడి పోగులు నలభై వేల మూడు వందల పద్దెనిమిది!"

అంటే కథ ముగిసింది. రెండు వందల ఏళ్ళ కిందట శిలాకూటం, హేమతటం, వరుణావతి, మధుపురి, నీలగంధి అనే ఐదు రాజ్యాలు చెయ్యీ చెయ్యీ కలిపి, పాతాళగండి మీద తాళ్ళ వంతెన వేసుకున్నాయి. ఒక్కో రాజ్యం ఒక్కో పేట ఇచ్చింది. ఐదు పేటలూ కలిపి పేనిన ఆ మోకు పేరు పంచపాశం. ఆ కూటమి పేరూ అదే. ఇప్పుడు అందులో ఉందామా, బయటికి వద్దామా అని శిలాకూటం ప్రజలను అడిగారు. ఇంటికొక నార పోగు. ఉండాలనుకుంటే ముడి వేసి గుండిగలో వెయ్యాలి, వద్దనుకుంటే ముడి లేకుండా వెయ్యాలి. రాజు శరభవర్మ ఈ తీర్పు అడిగింది ప్రజల మీద ప్రేమ పొంగిపొర్లి కాదు. భోజనాల దగ్గర ఇద్దరు బావమరుదులు రోజూ కూటమి మాటెత్తి కొట్లాడుకుంటుంటే ఆయనకు అన్నం సయించక, "పోనీ, జనాన్నే అడిగేద్దాం" అన్నాడు. అంతే.

"ఈ సాయంత్రం సూర్యుడు గుంకే వేళకు పంచపాశం నుంచి మన పేటను వేరు చేస్తారు," వేత్రహస్తుడు కేకపెట్టాడు. "ఆ మీదట అవతలివాళ్ళు అవతలే, ఇవతలివాళ్ళు ఇవతలే! మరొక మాట. మోకువారి ఏడు పల్లెల నుంచి వచ్చిన మూడు వందల నలభై పోగులూ విడివే! వంతెన పేనినవాళ్ళే వంతెన వద్దన్నారు! జయము!"

ఆ పోగులు తెచ్చి గుండిగలో వేసింది ఓబళుడే.

తీర్పు నాడు, అంటే తాత పోయిన నాలుగో రోజున, ఏడు పల్లెల పెద్దలూ తల పట్టుకుని కూర్చున్నారు. అందరి మనసూ ముడే. వంతెన లేకపోతే మోకువాడికి బతుకేముంది? కానీ గురవప్ప ఏడు పల్లెలకూ పెద్ద, సూతకం అందరిదీ. ముడి వేసేదెట్లా? చివరికి ఒక ఉపాయం తోచింది. పోగులు విడిగానే పంపి, నోటిమాటగా "మాది ముడి" అని చెప్పిస్తే సరిపోతుందనుకున్నారు. మోకువారి మాటను ఆ కొండల్లో ఎవరూ కాదనింది లేదు. వాళ్ళ మాట మీద జనం లోయలు దాటారు. ఓబళుడు ఆ మాట గుండిగ దగ్గర కూర్చున్న లేఖకుడికి చెప్పాడు. వాడు ఎడమచేతి చిటికెనవేలి పచ్చని గోటితో తాటాకు గీకుతూ, "అలాగే నాయనా, ముడి అనే రాసుకుంటాను," అని తియ్యగా నవ్వాడు. ఓబళుడు ఆ రాత చూపించమని అడగలేదు. మాట ఇచ్చినవాడిని రాత చూపించమనడం మోకువారిలో తిట్టుతో సమానం.

ఇంతకంటే పెద్ద గుబులు మరొకటి ఉంది. అతని భార్య మాచల తొలి కాన్పుకు హేమతటంలోని పుట్టింట్లో ఉంది. గండికి అవతల. నెలలు నిండాయి.

ఓబళుడు జనాన్ని తోసుకుంటూ తీర్పు మంటపానికి పరుగెత్తాడు. దారి పొడుగునా నగరం రెండుగా చీలి కనబడింది. ఒకచోట డప్పులు, గులాలు, బెల్లపు పానకం. పక్కవీధిలోనే తలుపులు మూసుకుని ఏడుపులు. ఉప్పు కొట్టు ముందు మాత్రం రెండు పక్షాల వాళ్ళూ ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటున్నారు, ఎందుకంటే ఉప్పు వచ్చేది వరుణావతి నుంచి, ఆ సంగతి అందరికీ ఇప్పుడే గుర్తొచ్చింది.

"నేను విడి వేస్తినప్పా," ఒక నేతగాడు నెత్తి కొట్టుకుంటున్నాడు. "మంత్రికి ఒక చురక తగలాలని వేస్తిని. నిజంగా విడిపోతామని ఎవరనుకున్నారు?"

"ఇంతకీ పంచపాశమంటే ఏందన్నా?" అని ఇంకొకడు నెమ్మదిగా అడిగాడు. వాడి నుదుట గులాలు ఇంకా చెరగలేదు.

"ఆ వంతెన నీడ పలచబడితే గండిలో పడుకున్న రాక్షసుడు కాలజిహ్వుడు లేస్తాడంట కదా?"

"లేస్తాడు, లేచి నీకు కాళ్ళు పిసుకుతాడు! ముసలమ్మల కబుర్లు చెప్పి బెదిరించినారు గాని, రెండు వందల ఏండ్లుగా వాడిని చూసినోడు ఒకడుండాడా?"

అందరూ పకపకా నవ్వారు. ఓబళునికి నవ్వు రాలేదు. అతని తాత ఆ నీడ సంగతి ఎప్పుడు చెప్పినా గొంతు తగ్గించి చెప్పేవాడు.

మంటపంలో ముఖ్యలేఖకుడు అతని గోడు అంతా విని, తాటాకులు తిరగేసి, పెదవి విరిచాడు. "పచ్చని గోరున్న లేఖకుడా? అటువంటివాడు మా లేఖకుల్లో లేడు. నీ మాట ఎక్కడా రాసి లేదు. రాజుగారితో మొరపెట్టుకుందామంటే ఆయన ఇప్పుడే తీర్థయాత్రకు బయల్దేరారు. ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ వెళ్ళారు. ఇక అంతా మహామంత్రి కపిలకేశులవారే చూస్తారు."

ఇంతలో వీధిలో దండోరా. "గురవప్ప మనవడు ఓబళుడు ఎక్కడున్నా రావాలహో! మన పేట విప్పాలహో!"

ఆ పేట కత్తికి తెగదు, నిప్పుకు కాలదు. దాన్ని పేనిన గురవప్ప వంశపు రక్తం ఉన్నవాడు తన ఇష్టంతో విప్పితేనే విడుతుంది. ఆ రక్తంలో మిగిలింది ఓబళుడొక్కడే. అందుకే ఆ పూట నగరంలో అతని కోసం రెండు గుంపులు తిరుగుతున్నాయి. ఒకటి పూలదండలూ పల్లకీతో, రెండోది విప్పనివ్వకూడదని కర్రలతో. ఏ గుంపుకు దొరికినా మాచల దగ్గరికి చేరలేడు. సాయంత్రంలోగా తాను గండి దాటితే ఇద్దరూ ఒకచోట ఉంటారు, పేట విప్పేవాడూ ఇక్కడ ఉండడు. ఓబళుడు ఒక సందులోకి దూకి, ఎదురుగా తెరిచి ఉన్న గాజుల కొట్టులో దూరాడు.

కొట్టు యజమాని సంబయ్య హేమతటం వాడు. నలభై ఏళ్ళ కిందట వంతెన దాటి వచ్చి, శిలాకూటంలో సగం మంది పెళ్ళికూతుళ్ళకు గాజులు తొడిగిన ముసలివాడు. కొట్టు ముందు ఎవరో పేడ కొట్టి పోయారు. ఆయన దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు.

"నా చేత గాజులు వేయించుకున్న పిల్లే, నాయనా," అన్నాడు తలెత్తకుండా. "పేడ కొట్టినప్పుడు చెయ్యి చూస్తిని. నేను తొడిగిన ఎర్రగాజులే."

ఓబళుడు తన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. సంబయ్య లేచి, హేమతటం వాళ్ళ గుర్తైన తన పసుపు పాగా అతని తలకు ముడి వెయ్యకుండా చుట్టి దోపాడు. గాజుల మలారం భుజాన వేశాడు.

"నా వేషంలో పో. నలభై ఏండ్లుగా ఈ ఊరు తిరిగినోడిని, నన్నెవరు పట్టించుకుంటారు?"

"మరి నువ్వు రావా, సంబయ్యా? సాయంత్రానికి దారి మూసేస్తారు."

"యాడికి రావాలప్పా? అక్కడ నా పేరు గుర్తున్నోళ్ళు లేరు." ఆయన మళ్ళీ గుడ్డ తీసుకుని తుడవసాగాడు.

పాపం, ఆ ముసలాయనకు తన ఊరి సంగతి ఆ పూట సరిగ్గా తెలియదు. ఓబళుడు వీధిలో పది అడుగులు వేశాడో లేదో, మొదటి రాయి భుజానికి తగిలింది.

"ఇంకా పోలేదేమిరా మీ దేశానికి?"

"మా ఆడోళ్ళ చేతులు పట్టుకున్నది చాల్లే, నడు!"

అన్నవాళ్ళలో సగం మంది మొహాలు ఓబళునికి తెలుసు. వాళ్ళ బావులకు అతనే చేదతాళ్ళు పేనాడు. "ఒరే, నేను ఓబళుణ్ణి," అని అరవాలనిపించింది, కానీ అరిస్తే పల్లకీయో కర్రలో. తల వంచుకుని పరుగెత్తాడు. రెండో రాయికి మలారం పగిలింది, ఎర్రవీ పచ్చవీ గాజులు రాతివీధి మీద గలగలా రాలాయి. మూడో రాయికి చెవి దగ్గర చర్మం చిట్లింది. నగరద్వారం దాటేవరకూ రాళ్ళు ఆగలేదు. నలభై ఏళ్ళ పరిచయానికి ఆ ఊరు ఇచ్చిన వీడ్కోలు ఇంతేనా అని సంబయ్య తరఫున అతనికి ఏడుపొచ్చింది.

రెండు జాములు అడవిదారిన పడి పరుగెత్తి, పొద్దు వాలేసరికి గండి చేరాడు.

పాతాళగండిని చూసి గుండె జారనివాడు ఉండడు. ఇటు నల్లకొండ, అటు బంగారు రంగు ఇసుకరాయి కొండ, మధ్యలో అడుగు కనబడని లోతు. ఆ లోతులోంచి ఊదారంగు పొగమంచు ఎప్పుడూ మెల్లగా సుడి తిరుగుతూ ఉంటుంది. దాని మీద, ఈ కొమ్ము నుంచి ఆ కొమ్ముకు, ఏనుగు తొండమంత లావున పంచపాశం సాగి ఉంది. తెలుపు, పసుపు, నీలి, తేనె, నలుపు వన్నెల ఐదు పేటలు ఒకదాన్నొకటి పెనవేసుకుని, పొద్దువాలు వెలుగులో తళతళలాడుతున్నాయి. దాని కింద వేలాడే వెదురు నడక మీద రెండు బళ్ళు పక్కపక్కన పోవచ్చు. వంతెన నీడ పొగమంచు మీద ఐదు చారలుగా పడి, గండి అడుగు దాకా దిగిపోయింది.

వంతెన ముఖాన అప్పటికే జనం, డప్పులు, సైనికులు. పసుపు పాగాల వాళ్ళను మూటాముల్లెతో సహా వంతెన మీదికి నెడుతున్నారు. సైనికుడు ఓబళుని వీపు మీద ఒక్క తోపు తోశాడు. "పో పో, ఇంకొక గడియలో మూసేస్తాం!"

ఆ తోపుకు తూలి నిలదొక్కుకుంటూ తలెత్తితే, ఎత్తైన పీఠం మీద మహామంత్రి కపిలకేశుడు కనిపించాడు. జరీ అంగీ, రాగి రంగు జటలు, నిదానమైన చూపు. పీఠం చేతి మీద ఆనించిన ఎడమచేయి. చిటికెనవేలికి పచ్చని గోరు.

లేఖకుడు వీడే! మంత్రి అతని కళ్ళలోకి చూసి, ఆనాటి తియ్యని నవ్వే నవ్వాడు. పట్టుకోమని చెప్పలేదు. చిటికెడు బూడిద గాలిలోకి ఊది, ముఖం తిప్పుకున్నాడు. ఎందుకు వదిలాడో ఆలోచించే వ్యవధి ఓబళునికి లేదు. వెదురు నడక మీద కాళ్ళకు బుద్ధి చెప్పాడు.

నడిమధ్యకు వచ్చేసరికి పొగమంచు కమ్ముకుంది. ముందుపోయేవాళ్ళు మాయమయ్యారు. ఆ మంచులోంచి మూలుగు వినిపించింది.

"మావా..."

మాచల! నడిమధ్యన వెదురు దాకా వంగిన మోకు పక్కన కూలబడి ఉంది. నిండుకడుపు. కుడి మడమ నల్లపేటకూ పక్కపేటకూ మధ్య ఇరుక్కుపోయింది.

"తీర్పు సంగతి తెలిసి నీకోసం ఎదురొస్తి, మావా. కాలు ఇరుక్కుండాది. నొప్పులు మొదలైనాయి. ఈ నల్లపేట రవ్వంత సడలించు, చచ్చిపోయేట్టుండాను!"

ఓబళుడు ఇంకేమీ చూడలేదు. ఆ నల్లపేట శిలాకూటానిదని తెలుసు, విప్పకూడదని తెలుసు. ఎదురుగా పెళ్ళాం నొప్పులు పడుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని, తాత నేర్పిన కిటుకుతో పేట మీద అరచేయి ఆనించి ఎడమకు తిప్పాడు. ఒక మెలిక వీడింది. రెండు. మూడు. ఇంత ఇష్టంగా అతను జీవితంలో ఏ పనీ చెయ్యలేదు.

"అయిపోయిందే, ఇంకొంచెం ఓర్చుకో," అంటూ తల నిమరబోయాడు. చేతికి మల్లెపూలు తగిలాయి. మల్లెల కింద నున్నగా ముడిచిన కొప్పు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. తాత పోయిన కబురు ఆరోజే మాచలకు అందింది. ఆ ఇంటి కోడలు పది రోజుల్లోపల జుట్టు ముడుస్తుందా?

"ఎవరు నువ్వు?"

మాచల ముఖం నవ్వింది. మంత్రి నవ్వు. మరుక్షణం కడుపూ కాళ్ళూ మల్లెలూ అన్నీ బూడిదై రాలి, వెదురుసందుల్లోంచి గండిలోకి జారిపోయాయి. పొగమంచు విచ్చుకుంది. గండికి అవతల ఒడ్డున అసలు మాచల నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుని, ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి గాలిలో, "మావా!" అని గొంతు చించుకుంటోంది.

సరిగ్గా అప్పుడే వీడిన మెలికలు తమంతట తాము పరుగందుకున్నాయి. నాలుగు, ఐదు, పది... నల్లపేట బుసకొడుతూ మోకులోంచి ఊడి రావడం మొదలుపెట్టింది. వంతెన పక్కకు ఒరిగింది. పసుపు పాగాల జనం కెవ్వున అరిచి తాళ్ళు పట్టుకున్నారు. కింద పొగమంచు మీది ఐదు చారల్లో ఒకటి పలచబడింది, వెలిసింది, చెరిగింది. గండి అడుగునుంచి ఎవరో చాలా ఏళ్ళ నిద్ర తరువాత ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక మూలుగు. బూడిదరంగు చెయ్యి ఒకటి, తాటిచెట్టంత పొడుగుది, మంచును చీల్చుకుని పైకి వచ్చి రాతిగోడను తడుముకుంది.

ఇవతలి ఒడ్డున డప్పులు ఠక్కున ఆగిపోయాయి. ముసలమ్మల కబుర్లని నవ్వినవాళ్ళందరూ ఇప్పుడు ఆ చేతి వేళ్ళు లెక్కపెడుతున్నారు.

ఓబళుడు ఊడిపోతున్న పేటను రెండు చేతులా పట్టాడు. అరచేతులు కాలి చర్మం లేచిపోయింది. పేట ఆగలేదు. ఊడిన పేటను మళ్ళీ పేనాలంటే పదిమంది మనుషులు, పూట సమయం కావాలి. ఇప్పటికిప్పుడు దాన్ని ఆపగలిగింది ఒక్కటే. ముడి.

పడమట చూశాడు. సూర్యుడు సగం మునిగాడు. మిగిలిన సగం మునిగితే సూతకం తీరిపోతుంది, అప్పుడు ఎన్ని ముడులైనా వెయ్యొచ్చు. కానీ పేట అంతవరకూ ఆగేట్టు లేదు. మాచల అరుపు మళ్ళీ వినిపించింది. ఆ అరుపులో పిలుపు కంటే నొప్పి ఎక్కువగా ఉంది.

"తాతా, తప్పు కాయి," అన్నాడు ఓబళుడు. నల్లపేట కొసను మిగతా నాలుగు పేటల చుట్టూ తిప్పి, లోపలికి దూర్చి, కాలు అడ్డం పెట్టి, బలమంతా ఉపయోగించి బిగించాడు. చిన్నప్పుడు తాత తన వేళ్ళను పట్టుకుని నేర్పిన మొదటి ముడి అదే.

పేట ఆగింది. వంతెన ఒక్క కుదుపుతో నిలిచింది. మంచు మీద ఐదో చార సన్నగా, వణుకుతూ మళ్ళీ కనబడింది. కింద ఆ బూడిద చెయ్యి అరచేయి మూయలేక బిగుసుకుపోయింది.

అప్పుడు ముడి వెచ్చబడింది. ఓబళుని అరచేతుల కింద అది నాడిలా కొట్టుకుంది. వెంటనే దాంట్లోంచి, రోజూ పొద్దున్నే అతన్ని నిద్ర లేపిన గొంతే, బాగా అలిసిపోయి, పలికింది.

"ఓబళా... అంతా దాటేసినానురా. చివరి మెట్టు మీదుంటి. ఏంటికి కట్టేస్తివిరా నన్ను?"

ఇవతలి ఒడ్డునుంచి కేకలు లేచాయి. "విడి అని మేము తీర్పు చెప్తే, కట్టడానికి నువ్వెవడివిరా?" దాని వెనకే, "కట్టురా, ఇంకా బిగించు, మమ్మల్ని బతికించు!" అని అంతే గట్టిగా. రెండు రకాల వాళ్ళూ రాళ్ళే విసురుతున్నారు. పీఠం మీద కపిలకేశుడు నవ్వడం మానేసి, మొదటిసారి లేచి నిలబడి, విలుకాళ్ళకు చెయ్యి ఊపాడు.

"విప్పేస్తాను తాతా," ఓబళుడు ఏడుస్తూ అన్నాడు. "మాచల ఆ ఒడ్డునుండాది. నీ మునిమనవడు వచ్చే వేళయ్యింది. ఒక్క గడియ ఓర్చుకో, విప్పేస్తాను."

సూర్యుడి చివరి అంచు కొండ వెనక్కు జారింది. పదో రోజు తీరిపోయింది. లోకంలో పోయినవాళ్ళందరికీ తెరుచుకునే తలుపు గురవప్పకు ఆ క్షణాన మూసుకుపోయింది.

"ఇంక విప్పకు," అన్నది ఆ గొంతు. "ఇప్పుడు విప్పితే నాకు పోను చోటు లేదు, నీకు నిలబడను వంతెన లేదు. ముడి మాత్రం బాగా వేస్తివిరా, నాయనా. గట్టిగా పట్టుకో. కాలజిహ్వుడి రెండో చెయ్యి లేస్తాండాది."

మొదటి బాణం వచ్చి ఓబళుని పక్కన వెదురులో దిగింది. అతను ముడిని వదల్లేదు.